వేడి మచ్చ చూపిస్తుంది, పేరు చెప్పదు

"ఇది విబూది కాదు, తాయెత్తు కాదు, భౌతికశాస్త్రం. దీన్ని కూడా శంకిస్తే ఇక మనం నమ్మేదేముంది?" అని మా సంఘంలో ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. నేను శంకించింది థర్మల్ రైఫిల్ స్కోపుని. ఈ ప్రశ్న హేతువాదుల్లో చాలామంది మనసులో ఉన్నదే కాబట్టి జవాబు కాస్త వివరంగా రాస్తున్నాను.

సంగతేమిటంటే, టెక్సస్‌లో ఉంటున్న మా అక్క కొడుకు ఊరి బయట కొంత భూమి కొని పశువుల గడ్డి వేశాడు. అడవిపందుల మంద రాత్రికి రాత్రి వచ్చి నేలంతా పెళ్ళగించి పోతోంది. అక్కడ ఇది అందరి బాధే. ఆ ఒక్క రాష్ట్రంలోనే ఇరవై ఆరు లక్షల పందులున్నాయని అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి అంచనా. సొంత భూమిలో వాటిని రాత్రిపూట కాల్చడం అక్కడ చట్టసమ్మతమే. 2019 సెప్టెంబరు నుంచి దానికి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. మావాడు 5,000 డాలర్ల స్కోపు మీద మనసు పడ్డాడు. మన లెక్కలో నాలుగు లక్షల పైమాటే. "మావయ్యా, నువ్వు అన్నిటికీ ఋజువు అడుగుతావుగా, దీనికీ అడిగి చెప్పు" అన్నాడు. సరే, అడిగాను.

పరికరం నిజమైనదే. అందులో నాకు అనుమానం లేదు. ప్రతి వస్తువూ దాని వేడిని బట్టి పరారుణ కిరణాలు వెలువరిస్తుంది. జెర్మేనియం లెన్సు వాటిని సెన్సర్ మీదికి చేరుస్తుంది. సెన్సర్ ఉష్ణోగ్రతల తేడాలను బొమ్మగా మారుస్తుంది. గోడల అవతల ఉన్నది కూడా చూపిస్తుందని కొందరు నమ్ముతారు గానీ, గోడ దాకా ఎందుకు, కారు అద్దం అడ్డం వచ్చినా దానికి ఏమీ కనబడదు. మామూలు గాజు ఆ కిరణాలను పోనివ్వదు మరి.

నా పేచీ అమ్మకందారు కరపత్రంతో. అందులో పెద్ద అక్షరాలతో ఉంది: "గుర్తింపు దూరం 1,800 మీటర్లు". ఈ "గుర్తింపు" అన్న మాటలోనే మోసమంతా దాగి ఉంది. 1958లో జాన్ జాన్సన్ అనే అమెరికా సైనిక పరిశోధకుడు దీన్ని మూడుగా విడదీసి చెప్పాడు. అక్కడ ఏదో ఉంది అని తెలియడం ఒకటి. అది మనిషా, జంతువా, వాహనమా అని తెలియడం రెండోది. ఫలానాదే అని తేల్చి చెప్పగలగడం మూడోది. లక్ష్యం ఎత్తు మీద సుమారు 2 పిక్సెళ్ళు పడితే మొదటిది, 8 పడితే రెండోది, 13 పడితే మూడోది సాధ్యం. అదీ ఎంత నమ్మకంగా? యాభై శాతం. రెండుసార్లు చూస్తే ఒకసారి తప్పవచ్చన్నమాట.

ఇప్పుడు లెక్క వేద్దాం. గుణకారం, భాగహారం వస్తే చాలు. మావాడు చూసిన స్కోపులో పిక్సెల్ సైజు 12 మైక్రాన్లు, లెన్సు 35 మిల్లీమీటర్లు. అంటే వంద మీటర్ల దూరంలో ఒక్కో పిక్సెల్ సుమారు 3.4 సెంటీమీటర్ల మేర చూస్తుంది. 1,800 మీటర్ల దగ్గర 62 సెంటీమీటర్లు. ఆరడుగుల మనిషి అక్కడ నిలబడితే అతని ఎత్తు మొత్తం మూడే పిక్సెళ్ళు! మూడు చుక్కలను చూసి పంది అనొచ్చు, దూడ అనొచ్చు, పొరుగు రైతు అనీ అనొచ్చు. 75 సెంటీమీటర్ల ఎత్తున్న పందిని పందే అని చెప్పాలంటే అది 170 మీటర్ల లోపుండాలి. గడ్డి దాన్ని సగం కప్పేస్తే ఆ దూరం 85 మీటర్లకు పడిపోతుంది. పొగమంచు, గాలిలో తేమ, పగలంతా కాగి ఇంకా చల్లారని రాళ్ళు, ఇవేవీ ఈ లెక్కలో కలపలేదు.

1,800 ఎక్కడ, 85 ఎక్కడ!

ఇంకో తమాషా చూడండి. ఖరీదైన రకంలో 640 పిక్సెళ్ళ సెన్సర్, చవక రకంలో 384. ఎక్కువ డబ్బు పెడితే మరింత స్పష్టంగా కనిపిస్తుందని ఎవరైనా అనుకుంటారు. పిక్సెల్ సైజూ లెన్సూ ఒకటే అయినప్పుడు పంది మీద పడే పిక్సెళ్ళు రెండిట్లోనూ సమానమే. పెరిగేది చుట్టూ కనబడే మేర మాత్రమే, ఏడున్నర డిగ్రీల నుంచి పన్నెండున్నరకు. అది ఉపయోగం లేనిదని నేననను. కానీ కొనేవాడు దేనికి డబ్బిస్తున్నాడో తెలిసి ఇవ్వాలి గదా? డిజిటల్ జూమ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. చుక్కను పెద్ద చుక్క చేస్తుంది, అంతే.

నా మిత్రుడి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. శాస్త్రం పేరు పెట్టుకున్నంత మాత్రాన పరీక్ష తప్పించుకునే హక్కు దేనికీ రాదు. ఏడీఈ 651 కథ గుర్తు చేసుకోండి. బాంబులను పసిగడుతుందని ఇరాక్ ప్రభుత్వానికి కోట్ల డాలర్లకు అమ్మిన పరికరం. విప్పి చూస్తే పనిచేసే ఎలక్ట్రానిక్ భాగమన్నదే లేదు. అమ్మిన జేమ్స్ మెకార్మిక్‌కు 2013లో లండన్ కోర్టు పదేళ్ళ జైలు శిక్ష వేసింది. అయినా బాగ్దాద్ తనిఖీ కేంద్రాల్లో అవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. 2016 జులైలో కరాదా పేలుడులో వందలమంది చనిపోయాక గానీ ప్రధాని అల్ అబాదీ వాటిని తీసెయ్యమనలేదు. పది పెట్టెలు పెట్టి ఒకదానిలో పేలుడు పదార్థం దాచి, "ఏది?" అని అడిగే పరీక్ష మొదటిరోజే చేసి ఉంటే సరిపోయేది. థర్మల్ స్కోపు ఏడీఈ లాంటి దగా కాదు, ఒప్పుకుంటాను. కానీ దాని వెనక తుపాకి ఉంది. వేడి మచ్చను పంది అని నమ్మినవాడి వేలు ట్రిగ్గర్ మీద ఉంది.

కోవూర్ గారు కవరులో పెట్టి సీలు వేసిన నోటు నంబరు చదవమన్నట్టే మావాడికి ఒక పరీక్ష చెప్పాను. స్కోపు అద్దెకు తెచ్చుకో. రైఫిల్‌కు బిగించకుండా స్టాండు మీద పెట్టు. చీకటి పడ్డాక నీ స్నేహితుడు నీకు చెప్పకుండా ఒక్కోసారి ఒక్కో దూరంలో ఒక్కో దాన్ని ఉంచాలి: కుక్క, దూడ, వేడినీళ్ళ డబ్బా, వంగి కూర్చున్న మనిషి. నువ్వు చూసింది కాగితం మీద రాయి. ఇరవైసార్లయ్యాక సరిచూసుకో. నీ స్నేహితుణ్ణి ఒక్కసారి పంది అని రాసినా ఆ దూరంలో నువ్వు ఎప్పటికీ కాల్చకూడదు. యూట్యూబులో వంద పందులు పడే వీడియోలు దీనికి ప్రత్యామ్నాయం కావు. గురి తప్పిన రాత్రులు అందులో ఎవరూ పెట్టరు. మొక్కు తీరనివాళ్ళు గుడి దగ్గర సాక్ష్యం చెప్పరు చూడండి, అలాగే.

రైఫిల్ మీది స్కోపుతో పొలమంతా వెతకడమంటే చూసిన ప్రతిదాని మీదా తుపాకి గురిపెట్టడమేనని కూడా చెప్పాను. వెతకడానికి చేతిలో పట్టుకునే థర్మల్ దుర్భిణి చాలు. దాని ధర కూడా చాలా తక్కువ. ఇక పంట కాపాడటమే అసలు ఉద్దేశమైతే స్కోపు సంగతే అనవసరం. పందుల సంఖ్య పెరగకుండా ఆపాలంటేనే ఏటా మూడింట రెండు వంతులు పోవాలని అక్కడి నిపుణులు చెబుతున్నారు. రాత్రికి ఒకటో రెండో కాల్చి అది సాధించలేం. మిగిలినవి బెదిరి చెల్లాచెదురై మళ్ళీ వస్తాయి. మొత్తం మందను ఒకేసారి బంధించే దొడ్డిలాంటి బోను మేలు.

మావాడు నసిగాడు. "బోనులో మజా ఏముంది మావయ్యా?" అన్నాడు. మజా కోసమైతే మజా కోసమనే చెప్పుకోరా, పంట పేరెందుకు వాడుకుంటావు, అన్నాను. వాడి డబ్బు, వాడి ఇష్టం. లెక్క మాత్రం నిజాయితీగా రాసుకోవాలి.

ఫలానా దూరంలో పందిని పందిగా చెప్పగలమని రాతపూర్వకంగా ఇవ్వమని అమ్మకందారుకు వాడిచేత ఈమెయిలు రాయించాను. రెండు రోజులకు జవాబొచ్చింది: "అది పరిస్థితులను బట్టి ఉంటుంది." కింద డిస్కౌంటు కూపను జతచేశారు.