పొట్టి లింకు వెనుక ఎవరున్నారు?

బస్తర్‌లో కొత్త భద్రతా శిబిరం వెలిస్తే దాని వెంటే రోడ్డు వస్తుంది, సెల్ టవర్ వస్తుంది. వామపక్ష తీవ్రవాద ప్రాంతాల్లో తొలి దశలో నెలకొల్పిన 2,343 టవర్లను 2జీ నుంచి 4జీకి మార్చేందుకు కేంద్ర మంత్రివర్గం 2022 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. శిబిరాల చుట్టుపక్కల పల్లెలకు సౌకర్యాలు చేర్చేందుకు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో ‘నియద్ నెల్లనార్’ పథకం తెచ్చింది. ఇదంతా మంచిదే. కానీ టవర్ వచ్చిన చోటికి మోసపు లింకు కూడా వస్తుంది. అందుకే వెబ్ చిరునామాను చదవడం నేర్పడాన్ని భద్రతలో భాగంగా చూడాలని నేనంటాను.

ఆ చిరునామాలో మొదట కనిపించే ‘హెచ్‌టీటీపీఎస్’ సమాచారం దారిలో ఎవరి కంటా పడకుండా వెళుతుందని మాత్రమే చెబుతుంది. అవతలివాడు నిజాయతీపరుడని చెప్పదు. రెండు స్లాష్‌ల తర్వాత మొదలై మూడో స్లాష్ దగ్గర ముగిసేది డొమైన్ పేరు. వెబ్‌సైట్ ఎవరిదో తేల్చేది ఇదొక్కటే. తర్వాతి భాగం ఏ పేజీయో చెబుతుంది. ప్రశ్న గుర్తు తర్వాత ఉండే అక్షరాల్లో ఆ లింకు ఎవరికి పంపారో గుర్తుపట్టే సంకేతం కూడా ఉండొచ్చు.

డొమైన్ పేరును కుడి నుంచి ఎడమకు చదవాలి. ఉత్తరం మీద పేరు, వీధి, ఊరు, జిల్లా అని రాసినట్టే ఇక్కడా చివరిదే పెద్దది. ‘సైబర్‌క్రైమ్.గవ్.ఇన్’ చివర ఉన్న ‘గవ్.ఇన్’ మన కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ సంస్థలకే దక్కుతుంది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత మన ప్రభుత్వ, రక్షణ సిబ్బందికి గురిపెట్టిన నకిలీ పత్రాలను పుణెకు చెందిన సెక్రైట్ సంస్థ బయటపెట్టింది. అది పాకిస్థాన్‌తో సంబంధమున్న ఏపీటీ36 ముఠా పని అని తేల్చింది. అందులోని ఒక చిరునామా ‘జేకేపోలీస్.గవ్.ఇన్.కాశ్మీర్‌అటాక్.ఎక్స్‌పోజ్డ్’. ఎడమ నుంచి చదివినవారికి జమ్మూకాశ్మీర్ పోలీసులే కనిపిస్తారు. కుడి నుంచి చదివితే అసలు యజమాని ‘కాశ్మీర్‌అటాక్.ఎక్స్‌పోజ్డ్’. దొంగ తన ఇంటి గోడకు కలెక్టరేట్ బోర్డు తగిలించుకున్నట్టన్నమాట.

పొట్టి లింకుతో ఈ మాత్రం పరీక్షకూ వీలుండదు. అసలు చిరునామా దాగిపోయి, కుదించిన కంపెనీ పేరు మాత్రమే మిగులుతుంది. నొక్కితే ఎప్పుడు, ఏ రకం ఫోన్ నుంచి, సుమారుగా ఏ ప్రాంతం నుంచి తెరిచారో ఆ సేవ నడిపేవారికి తెలుస్తుంది. శిబిరంలో ఉన్న జవాను విషయంలో ఇది చిన్న సమాచారం కాదు. పైగా ఆ సేవల మీద మనకు అదుపు లేదు. ‘బిట్.లీ’లోని ‘లీ’ లిబియా దేశపు గుర్తు. 2010లో అక్కడి రిజిస్ట్రీ ‘వీబీ.లీ’ అనే మరో సేవ డొమైన్‌ను లాగేసుకుంటే ఆ లింకులన్నీ ఉత్తవైపోయాయి.

పొట్టి లింకుల అవసరం లేదనను. ఇంగ్లిష్ ఎస్ఎంఎస్‌లో 160 అక్షరాలు పడితే తెలుగు, హిందీ లిపుల్లో 70తోనే సరిపెట్టుకోవాలి. పొడవాటి చిరునామాకు చోటెక్కడ? కాబట్టి ప్రభుత్వ శాఖలు, భద్రతా దళాలు ప్రైవేటు కుదింపు సేవలను మానేసి, ‘గవ్.ఇన్’ కిందే సొంత పొట్టి చిరునామాలు వాడాలి. బ్యాంకులు 2025 అక్టోబరు 31లోగా ‘బ్యాంక్.ఇన్’కు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. జనం గుర్తుంచుకోవాల్సిన తోకలు అప్పుడు రెండే అవుతాయి.

ముందుగా నమోదు చేయని లింకులున్న వాణిజ్య ఎస్ఎంఎస్‌లను 2024 అక్టోబరు 1 నుంచి ట్రాయ్ ఆపిస్తోంది. వాట్సాప్‌కు ఆ కట్టడి లేదు. కాబట్టి నేర్పక తప్పదు. గోండీ, హల్బీ, దోర్లీ భాషల్లో, వారపు సంతల్లో, శిబిరాల వద్ద చెప్పాలి. చదువు రానివారికి ఒక్క మాట చాలు: తెలియని లింకు నొక్కొద్దు, డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యి.

తునికాకు కూలి ఖాతాలో పడే కుటుంబం, మిర్చి కోతకు మన ఖమ్మం వైపు వచ్చి నాలుగు రూపాయలు దాచుకున్న కూలీ, లొంగిపోయి పునరావాస సాయం అందుకుంటున్న యువకుడు... వీరిలో ఒక్కరి ఖాతా ‘సర్కారు’ పేరుతో వచ్చిన లింకు వల్ల ఖాళీ అయినా ఊరంతా అనుమానం పాకుతుంది. బస్తర్‌లో ప్రభుత్వం మీద నమ్మకం ఇప్పుడిప్పుడే, చాలా మంది ప్రాణాలు పోయాక మొలకెత్తుతోంది. దాన్ని కాపాడాలంటే ప్రభుత్వం పంపే ప్రతి లింకూ ముందు తన పేరు దాచకుండా చెప్పాలి.