మచ్చ కనబడగానే రెక్కలు విరువవలెనా?

విమానము నడుపువారందరికీ మెదడు స్కానింగు చేయించవలెననియు, అందులో ఏ మచ్చ కనబడినను వారిని శాశ్వతముగా నేలకు దింపవలెననియు చదువుకొన్నవారే వాదించుచున్నారు. వినుటకిది జాగ్రత్తవలె తోచును. నిజమునకిది రజ్జుసర్పభ్రాంతి.

జర్మనీ వాయుసేనలో విమాన విధులకు దరఖాస్తు పెట్టుకొన్న 2536 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఎమ్మారై తీసిన ఫలితములు 2006లో వెలువడినవి. వారిలో 1.7 శాతం మందికి మెదడు పొరలలో నీటితిత్తులు కనబడినవి. ఇట్టి తిత్తులలో అధికభాగము జీవితాంతము ఏ బాధయు కలిగింపవు. అట్లని అన్నిటినీ తేలికగా తీసుకొనుమని నేననను. రక్తనాళపు ఉబ్బు చిట్లవచ్చును. కొన్ని గడ్డల వలన మూర్ఛ రావచ్చును. పైలటు వెనుక వందలాది ప్రాణములున్నవి. కనుక "ఏమి కనబడినది?" అన్నంతటితో ఆగరాదు. "దాని వలన ఆకాశములో స్పృహ తప్పు అవకాశమెంత?" అని అడుగవలెను.

ఈ రెండవ ప్రశ్న అడుగనిచో ఏమగునో అమెరికా చూపినది. సికిల్‌సెల్ జన్యువు ఒక్కటి మాత్రమే గల నల్లజాతి యువకులకు, వారు రోగులు కాకున్నను, అక్కడి వాయుసేన అకాడమీ తలుపులు మూసినది. దావా పడిన పిమ్మట, 1981లో గాని ఆ నిషేధము తొలగలేదు.

ఇది మనకు దూరపు కథ కాదు. ఆ వ్యాధి మా అరకు, పాడేరు కొండలలోని గిరిజనులలోనూ ఉన్నది. 2023 జూలై 1న ఆరంభమైన జాతీయ కార్యక్రమము 40 ఏండ్ల లోపువారిని 7 కోట్ల మందిని పరీక్షింప సంకల్పించినది. మంచి పనియే. వ్యాధి ముందుగా తెలిసినచో బిడ్డకు సకాలములో వైద్యమందును. కాని తల్లిదండ్రులలో ఒక్కరి నుండి మాత్రమే ఆ జన్యువు వచ్చినవాడు వాహకుడే గాని రోగి కాడు. ఇంట కువి గాని ఆదివాసీ ఒడియా గాని మాటలాడు తల్లికి ఈ భేదమును ఆమె భాషలో విప్పి చెప్పక, చేతిలో కార్డు పెట్టి పంపినచో అది వైద్యమా, ముద్రవేయుటయా? రేపు ఆ బిడ్డ విమానము నడుపగోరిన నాడు ఆ కార్డే అడ్డుగోడ కావలెనా?

నేను కోరునవి మూడు. పరీక్షకు ముందే, ఏమి బయటపడవచ్చునో, బయటపడినచో ఏమి చేయుదురో చెప్పవలెను. కనబడినదానిని ఆ వ్యాధి ఎరిగిన నిపుణులు తూచవలెను గాని, నియమావళి తిరగవేయు గుమాస్తా కాదు. విమానము నుండి తాత్కాలికముగా దింపినచో మరల పరీక్షించు తేదీని ఆ కాగితము మీదనే వ్రాయవలెను.

చీకటిలో మెలికలు తిరిగినదెల్ల పాము కాదు. మొదట దీపము తెండు. కర్ర సంగతి తరువాత చూతము.