రోడ్డు అంచు సైకిలుకు దక్కాలి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల మధ్య రోడ్ల మీద సైకిలు ఇప్పటికీ బతుకుతెరువు సాధనం. తెల్లవారకముందే రైసు మిల్లులకు వెళ్లే హమాలీలు, పాలక్యాన్లు కట్టుకుని పట్నంలోకి వచ్చే రైతులు, క్యారేజీ తగిలించుకుని పనికి బయలుదేరే తాపీ కూలీలు, బస్సు రాని ఊళ్ల నుంచి హైస్కూలుకు పోయే పిల్లలు దీన్నే నమ్ముకున్నారు. వీళ్లు ఎక్కక తప్పని పెద్ద రోడ్లు మూడు. హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట, మునగాల, కోదాడల మీదుగా సాగుతుంది. 167వ నంబరు జాతీయ రహదారి మిర్యాలగూడను హుజూర్‌నగర్ మీదుగా కోదాడతో కలుపుతుంది. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు నల్లగొండ, మిర్యాలగూడ దాటుకుని వాడపల్లి దగ్గర కృష్ణానది మీదికి చేరుతుంది. సిమెంటు లారీలు, ధాన్యం లారీలు, టిప్పర్లు, దూరప్రాంతపు బస్సులు, కార్లు అన్నీ ఈ మూడింటి మీదే. సైకిలుకంటూ విడిగా ఒక దారి వీటిలో దేనికీ వేయలేదు.

నాలుగు వరుసల రోడ్డు మీద కారుకు కేంద్రం 2018లో అనుమతించిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. బరువు కట్టిన సైకిలు సెకనుకు నాలుగు మీటర్లకు మించి కదలదు. చీకట్లో డిప్పర్ వేసిన హెడ్‌లైటుకు ఏ యాభై మీటర్ల దూరంలోనో సైకిలు కంటబడితే డ్రైవరు చేతిలో ఉండేది రెండు సెకన్లు. అతను బ్రేకు మీద కాలు పెట్టేలోపే అందులో సగం అయిపోతుంది. ఎదురుగా వచ్చే బండి హైబీమ్ కళ్లలో పడితే ఆ సగం కూడా ఉండదు. వేగం రెట్టింపైతే దెబ్బ తీవ్రత నాలుగింతలవుతుందన్నది బడిలో చెప్పే భౌతికశాస్త్రమే. అందుకే మనుషులూ సైకిళ్లూ మోటారు బండ్లతో కలిసి తిరిగే చోట వేగం 30 కిలోమీటర్లకు మించకూడదని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ రహదారి భద్రతా మహాసభ ప్రకటించింది. 65వ నంబరు రోడ్డు మీద ఆ వేగం ఎవరూ ఆశించరు. ఆశించలేనప్పుడు సైకిలును ఆ ప్రవాహంలోంచి తప్పించడమొక్కటే మార్గం.

తప్పించడానికి చోటు లేక కాదు. తెల్లగీతకు అవతల తారు అంచు ఉంది, దాని పక్కన మొరం మార్జిన్ ఉంది. ఆ అంచు సైకిలు కోసం ఖాళీగా ఉండే రోజు ఎప్పుడన్నదే ప్రశ్న. రాత్రి ఆపిన లారీ తెల్లారినా కదలదు. వెనక లైటు ఉండదు, రిఫ్లెక్టరు మీద బురద పేరుకుని ఉంటుంది. దాబాల ముందు, మిల్లుల గేట్ల ముందు అన్‌లోడింగ్ వంతు కోసం లారీలు ఒకదాని వెనక ఒకటి అంచు మీదే నిలుస్తాయి. వాటి పక్కనుంచి పోవాలంటే సైకిలు తెల్లగీత దాటి లోపలికి రావాలి. వెనక నుంచి డీసీఎం వచ్చేది సరిగ్గా అక్కడే. పోనీ మొరంలోకి దిగుదామంటే తారుకూ మట్టికీ మధ్య బెత్తెడు ఎత్తు మెట్టు. ముందు చక్రం ఆ మెట్టు దిగిందా, హ్యాండిలు చేతిలోంచి తిరిగిపోతుంది, బస్తా ఒకవైపు ఒరుగుతుంది, మనిషి రోడ్డువైపే పడతాడు. పెద్ద లారీ ఆనుకుని దూసుకుపోతే ఆ గాలికే సైకిలు ఊగుతుంది. బ్రిటన్‌లో సైకిలును దాటే బండి కనీసం మీటరున్నర ఎడం పాటించాలని రోడ్డు నియమావళి చెబుతుంది. ఇక్కడ హారనే ఎడం.

వానాకాలం, యాసంగి కోతల్లో ఆ అంచు మీద ధాన్యం ఆరుతుంది. ఇందులో రైతును తప్పుపట్టడానికి లేదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద ఇంత వరి పండిస్తూ ఊరికి సరిపడా కల్లాలు కట్టించని పాలనది ఆ తప్పు. ధాన్యం చెదరకుండా చుట్టూ పెట్టిన రాళ్లు రాత్రిళ్లు సైకిలు చక్రానికి తగులుతున్నాయి. కల్లం కట్టిస్తే రైతు ధాన్యమూ దక్కుతుంది, సైకిలు దారీ తెరుచుకుంటుంది.

అన్నిటికంటే పెద్ద అన్యాయం డివైడరుతో వచ్చింది. గత దశాబ్దం మొదట్లో 65వ నంబరు రోడ్డును నాలుగు వరుసలుగా వెడల్పు చేసినప్పుడు ఊళ్లను మధ్యకు కోశారు. ఇల్లు ఒక పక్క, చేను ఇంకో పక్క. బడి అటు, బజారు ఇటు. రోడ్డు కోసం భూములిచ్చింది ఆ ఊళ్లే. సర్వీసు రోడ్లు మాత్రం ముక్కలు ముక్కలుగా వేసి వదిలారు. ఎదురుగా కనిపిస్తున్న చేనుకు పద్ధతి ప్రకారం పోవాలంటే గడ్డిమోపు కట్టిన సైకిలుతో యూటర్న్ దాకా వెళ్లి, అంత దూరమూ మళ్లీ వెనక్కి రావాలి. ఆ మనిషి రెండు వందల మీటర్లు ఎదురువైపు తొక్కితే దానికి ‘రాంగ్ రూట్’ అని పేరు. దెబ్బ తగిలాక పంచనామాలోకి ఎక్కేదీ, పత్రికలో వచ్చేదీ ఆ మాటే. మనిషిని ఆ పక్కకు నెట్టిన డివైడరు గురించి ఎక్కడా రాయరు.

ఈ రోడ్లు కారులో పోయేవాళ్లనూ వదల్లేదు. 2014 డిసెంబరు 6న మునగాల మండలం ఆకుపాముల దగ్గర సినీ నిర్మాత నందమూరి జానకిరామ్ కారు ట్రాక్టరును ఢీకొని ఆయన చనిపోయారు. 2018 ఆగస్టు 29న ఆయన తండ్రి హరికృష్ణ నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డులో అన్నెపర్తి దగ్గర కారు ప్రమాదంలో మరణించారు. ఆ రెండు సందర్భాల్లోనూ రాష్ట్రమంతా ఈ రోడ్ల గురించి మాట్లాడింది, మంత్రులు వచ్చారు, టీవీలు రోజులకొద్దీ చూపించాయి. అవే రోడ్ల మీద ఒక హమాలీ పోతే జిల్లా పేజీలో ‘గుర్తు తెలియని వాహనం ఢీకొని మృతి’ అని రెండు వాక్యాలు వస్తాయి. మర్నాటి నుంచి ఆ ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టం.

ప్రభుత్వాలకు తెలియక ఇలా జరుగుతోందన్న మాట ఇక చెల్లదు. గంటకు రెండు వందలకు పైగా మోటారు బండ్లు తిరిగే రోడ్డు మీద రద్దీ గంటలో వంద సైకిళ్లు కనిపించినా వాటికి విడిగా దారి వేయదగునని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే సిఫారసు చేసింది. అప్పటికి నాగార్జునసాగర్ ఆనకట్ట పూర్తి కాలేదు. ఆనకట్ట పూర్తయింది, కాలువలు పారాయి, మిల్లులు లేచాయి, రోడ్డు రెండు వరుసల నుంచి నాలుగయింది, ఆరు వరుసల ప్రతిపాదనా వచ్చింది. సైకిలు దారి మాత్రం కాగితం దాటలేదు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 138(1ఎ) నిబంధన మోటారు లేని బండ్లకూ పాదచారులకూ నియమాలు చేసే అధికారాన్ని రాష్ట్రాల చేతిలో పెట్టింది. ఆరేళ్లు దాటినా కదలని రాష్ట్రాలకు 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆరు నెలల్లో ఆ నియమాలు చేయాలని ఆదేశించాల్సి వచ్చింది. రోడ్డు మీద ప్రమాదకరంగా బండి నిలపడం అదే చట్టంలోని 122వ సెక్షన్ కింద నేరం. అలాంటి బండిని తొలగించే అధికారం 127వ సెక్షన్ ఇస్తుంది. నాసిరకం రూపకల్పన వల్ల ప్రాణం పోతే అధికారికీ కాంట్రాక్టరుకూ జరిమానా వేసే 198ఎ కూడా పుస్తకంలో ఉంది.

డబ్బు లేదన్న మాటా నిలవదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు 23 కిలోమీటర్ల సైకిలు దారిని 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సోలార్ పలకల నీడ, రాత్రి దీపాలు. వ్యాయామానికి తొక్కేవాళ్లకు అది దక్కినందుకు ఎవరికీ అభ్యంతరం లేదు. కూలికి తొక్కేవాళ్లకు నీడ అక్కర్లేదు, రెండు మీటర్ల గట్టి నేల చాలు. అది కూడా ఇవ్వని ప్రభుత్వానికి ఎవరి ప్రాణం విలువ ఎంతో ముందే లెక్క కట్టి ఉందనుకోవాలి. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల జాతర వస్తే హైదరాబాద్–విజయవాడ బండ్లను నార్కట్‌పల్లి దగ్గరే తిప్పి నల్లగొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు పంపుతారు. భక్తుల కోసం హైవేనే పక్కకు మళ్లించగల యంత్రాంగానికి, ఆపిన లారీని అంచు మీది నుంచి కదిలించడం చేతకాదంటే నమ్మేదెవరు?

సైకిలు తొక్కేవాళ్లు నియమాలు పాటించరన్న ఆరోపణకు జవాబు డివైడరు దగ్గరే వచ్చేసింది. టోలు కట్టేవాళ్లదే రోడ్డనే వాదన ఇంకా పేలవమైనది. సైకిలు రోడ్డును అరగదీయదు, అందుకే దానికి టోలు లేదు. ఇప్పుడు సైకిలెవరు తొక్కుతున్నారని అడిగేవాళ్లు తెల్లవారుజామున మిల్లుల వైపు వెళ్లి చూడాలి. తొక్కేవాళ్లు తగ్గిన చోట కూడా తగ్గించింది భయమే. బిహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లివ్వగా హైస్కూలులో వాళ్ల చేరికలు 32 శాతం పెరిగాయని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ తేల్చారు. ఆంధ్రప్రదేశ్ ‘బడికొస్తా’ పథకం కింద సైకిళ్లిచ్చింది. లారీల మధ్యకు బిడ్డను పంపలేక ఆమె చదువు మాన్పించే తల్లిదండ్రులకు ఉచిత సైకిలు ఇచ్చి ఏం లాభం? కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లారు. ఆయన నడిపిన తెలంగాణ సాయుధ పోరాటానికి పట్టుగొమ్మ అయిన ఈ గడ్డ మీదే సైకిలు మనిషికి చోటు లేకుండా పోయింది.

నెదర్లాండ్స్‌లోనూ సైకిలు దారులు ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1971లో ఆ చిన్న దేశంలో మూడు వేల మందికి పైగా రోడ్ల మీద చనిపోయారు. వాళ్లలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. ‘పిల్లల హత్యలు ఆపండి’ అంటూ తల్లిదండ్రులు రోడ్డెక్కాకే ప్రభుత్వం దిగివచ్చింది. మన దేశంలో 2022లో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. వాళ్లలో సైకిలు తొక్కేవాళ్లే నాలుగున్నర వేలకు పైగా, నడిచేవాళ్లు 32 వేలకు పైగా.

జరగాల్సిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. ఆరు వరుసల పనికి రాయి పడకముందే ప్రతి ఊరి హద్దులోనూ రెండు పక్కలా తెగని సర్వీసు రోడ్డు, బడి ఉన్నచోట అండర్‌పాస్ నక్షాలోకి ఎక్కాలి. తరువాత చేర్చుతామన్న హామీ ఒప్పుకోకూడదు, నాలుగు వరుసల నాడు విన్నది అదే. మిర్యాలగూడ, కోదాడల్లో మిల్లులు తమ లారీలను తమ ఆవరణలోనో, పట్టణం బయట లారీ అడ్డాలోనో నిలుపుకోవాలి. అంచు మీద ఆగిన బండిని పోలీసులు అదే రాత్రి తీయించాలి. తారుకూ మొరానికీ మధ్య మెట్టును నింపడం వారం రోజుల పని, దానికి ఏ నక్షా అక్కర్లేదు. ఢీకొట్టి పారిపోయిన బండి దొరక్కపోయినా 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న పథకం కింద మృతుడి కుటుంబానికి రెండు లక్షలు, తీవ్రంగా గాయపడిన వాళ్లకు యాభై వేలు రావాలి. ఆర్డీవో లేదా తహసీల్దారు స్థాయి అధికారికి దరఖాస్తు పెట్టుకోవాలన్న సంగతి పోలీసులే ఆ ఇంటికి వెళ్లి చెప్పాలి.

సైకిళ్ల లెక్క ఎవరూ తీయకపోతే ఆ పని ఊళ్లే చేపట్టాలి. పని రోజు ఒకటి చూసుకుని పొద్దున ఐదు నుంచి తొమ్మిది దాకా ఊరి క్రాస్‌రోడ్డు దగ్గర ఇద్దరు కూర్చుని, గంటగంటకూ ఎన్ని సైకిళ్లు, ఎన్ని మోటారు బండ్లు పోయాయో రాయాలి. గంటకు వంద సైకిళ్లు దాటితే 1962 నాటి ప్రమాణమే ఊరి పక్షాన సాక్ష్యం. ఆ కాగితానికి గ్రామసభ తీర్మానం జతచేసి సూర్యాపేట, కోదాడ వైపు ఊళ్లవాళ్లు సూర్యాపేట కలెక్టరేటులోనూ, మిర్యాలగూడ వైపువాళ్లు నల్లగొండలోనూ సోమవారం ప్రజావాణిలో ఇవ్వాలి. ఒక ప్రతి జాతీయ రహదారుల సంస్థకు పంపి, రెండింటికీ ముట్టినట్టు రసీదు తీసుకోవాలి.