ఆగస్టు 9 భోజనం ఇస్తరాకులో పెడదాం



ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం భోజనాలకు ఎంత ఖర్చవుతుందని గ్రూపులో లెక్కలు నడుస్తున్నాయి. అందులో "డిస్పోజబుల్ ప్లేట్లు, గ్లాసులు" అని ఒక లైను ఉంది. బియ్యం మీద, చికెన్ మీద చాలా చర్చ జరిగింది, ఆ లైను మీద మాత్రం ఎవరూ మాట్లాడలేదు. సీతాఫల్‌మండి హాస్టల్లో ఉండే మేం ఆ లైను గురించే రాస్తున్నాం. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మా గల్లీలో పొద్దున టిఫిన్ బండి దగ్గర స్టీలు ప్లేటు మీద పల్చటి కవరు పరిచి, దాని మీద వేడి వేడి ఇడ్లీ పెడతారు. తిన్నాక ప్లేటు కడగరు, కవరు తీసి పారేస్తారంతే. చాయ్ పేపర్ కప్పులో. కర్రీ పాయింటుకు పోతే కాగే సాంబారు కవర్లో కట్టిస్తారు. ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. కానీ పేపర్ కప్పు లోపల ఉండేది కూడా ప్లాస్టిక్ పొరే, లేకపోతే చాయ్ కారిపోతుంది కదా. ఈ నగరం చెత్త జవహర్‌నగర్ గుట్టకు పోతుంది. అక్కడివాళ్లు ఆ కంపు మధ్య బతుకుతున్నారు.

సిటీ సంగతి సిటీది అనుకుందామంటే, మన గూడేల్లో కూడా పెళ్లంటే ఇప్పుడు థర్మాకోల్ ప్లేట్లే. మోదుగాకులు కోసుకొచ్చి, సన్నటి పుల్లలతో ఇస్తరాకులు కుట్టే చేతులు ఇంకా మన ఇళ్లల్లో ఉన్నాయి. కుట్టమని అడిగేవాళ్లే లేరు. పాడేరు వైపు అడ్డాకు విస్తర్లది కూడా ఇదే కథ అని మా రూమ్మేట్ చెప్తాడు. మేడారం చూడండి. రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మ గద్దెల కాడికి జనం కోట్లల్లో వస్తారు. జాతర అయిపోయాక ఆ అడవిలో మిగిలేది కవర్లు, సీసాలు, ప్లేట్లు. కూర వాసన ఉన్న కవరును పశువులు మింగుతాయి, జింకలు మింగుతాయి. అది కడుపులో అరగదు, బయటకు రాదు.

ఇప్పుడు అసలు మాట. 2024లో కవ్వాల్ పులుల అడవిలోంచి మైసంపేట, రాంపూర్ ఊళ్లను బయటికి తరలించారు. పులి బతకాలంటే మనుషులు జరగాలట. అమ్రాబాద్ పులుల అడవి మధ్యలోంచి మాత్రం హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు పోతుంది. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు ఆపుతారు, మంచిదే. పగలంతా కార్లలోంచి చిప్స్ ప్యాకెట్లు పడుతూనే ఉంటాయి. వాటికి అలవాటుపడ్డ కోతులు రోడ్డు మీదే కూర్చొని బండ్ల కింద పడి చస్తున్నాయి. పులికి గూడెం అడ్డమైతే ఈ ప్యాకెట్లు అడ్డం కావా? ఈ ప్రశ్న మనం గట్టిగా అడగాలి. కానీ ఆగస్టు 9 సాయంత్రం మన డేరా వెనక థర్మాకోల్ కుప్ప పెట్టుకొని అడిగితే ఎవరు వింటారు?

"ఆకులు కోస్తే అడవి పాడవదా" అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. అడవిలోంచి వచ్చేదంతా మంచిదని మేం అనట్లేదు. బీడీ ఆకు కోసం, తునికి లేత చిగుళ్లు రావాలని కొన్నిచోట్ల నిప్పు పెడతారు. ఆ మంటల్లో పక్షుల గూళ్లు, గుడ్లు కూడా కాలిపోతాయి. మోదుగకు అట్లాంటి అవసరం లేదు. కొమ్మ నరకకుండా ఆకు గిల్లితే మళ్లీ చిగురిస్తుంది. పైగా చిన్నతరహా అటవీ ఉత్పత్తులను సేకరించి అమ్ముకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టం మనకు ఇచ్చింది. ఆ హక్కు ఉండి మనం ప్లేట్లు బేగంబజార్‌లో కొంటున్నాం!

ధర కొంచెం ఎక్కువే కావచ్చు. అయినా ఆ పైసలు కుట్టిన అమ్మల చేతికే పోతాయి, కాబట్టి దీన్ని ఖర్చు కింద రాయొద్దు. సాంబారు కారిపోతుందంటారా, ముద్దపప్పు చేద్దాం. నీళ్లకు హాస్టళ్ల నుంచి స్టీలు గ్లాసులు తెద్దాం. కడిగే పని మాత్రం చెల్లెళ్ల మీదికి నెట్టొద్దు, మా రూము నుంచి నలుగురం మగపిల్లలం ఆ పనికి ఇప్పుడే పేర్లు ఇస్తున్నాం.

ఉట్నూరు, ఏటూరునాగారం, మన్ననూరు వైపు నుంచి జులై ఆఖరుకు ఇంటికి పోయి వచ్చేవాళ్లు ఎవరెవరున్నారో కింద రాయండి. మీ ఊళ్లో ఎన్ని కుట్టగలరో, ఒక్కోదానికి ఎంత ఇవ్వాలో అమ్మలనే అడిగి చెప్పండి. వాళ్లు చెప్పిన రేటుకే తీసుకుందాం, బేరమాడొద్దు.