జంటను విడదీస్తే పాపమా?

"జంటను విడదీస్తే పాపం చుట్టుకుంటుంది." రక్తం కారుతున్న మరుగుజ్జు హ్యామ్‌స్టర్‌ని వేరే పెట్టెలోకి మార్చబోతే, విజయవాడలో మా బంధువుల ఇంటి పెద్దావిడ అడ్డం వచ్చి అన్న మాట ఇది. తెల్లారేసరికి అది చచ్చిపోయింది. వీపంతా కొరికిన గాట్లే. 1947లో నాస్తికవాది గోరా ముదునూరు నుంచి నాస్తిక కేంద్రాన్ని తెచ్చి నిలబెట్టిన ఊళ్లో ఇంకా ఈ మాట వినవలసి వస్తోంది.

కొనేటప్పుడూ ఇదే నమ్మకం. ఒంటి ప్రాణిని పెంచకూడదట, ఆడామగా జోడీ ఉంటే ఇంటికి మంచిదట. ఒకటి కొనడానికి వచ్చినవాళ్లకి రెండు అమ్ముకునే షాపువాడు ఎందుకు కాదంటాడు?

అడిగితే రామాయణంలోని క్రౌంచ మిథునం కథ, పక్షుల జంటలో ఒకదాన్ని చంపి బోయవాడు శాపం తిన్న కథ, చెబుతారు. ఆ పక్షి సారస కొంగ అయి ఉంటుందని చాలామంది పండితులు భావిస్తారు. సారసాలు ఏళ్ల తరబడి ఒకే జోడుతో బతుకుతాయి. సైబీరియా, కజకిస్తాన్, మంగోలియా గడ్డి మైదానాల్లో బొరియలు తవ్వుకుని, రాత్రిపూట మేతకు తిరిగే మరుగుజ్జు హ్యామ్‌స్టర్‌కి ఆ కాపురం అంటగట్టడం ఏం న్యాయం?

ఆరుబయట ఓడిపోయినది పారిపోతుంది. అడుగున్నర పంజరంలో ఎటు పోతుంది? బలమైనది తిండి గిన్నె దగ్గరికి రానివ్వదు, నిద్రపోనివ్వదు, తరిమి తరిమి కొరుకుతుంది. యాభై గ్రాములు కూడా తూగని ప్రాణి ఎన్ని గాట్లు తట్టుకుంటుంది? రాత్రంతా కీచుమంటుంటే ఇంట్లోవాళ్లు ఆడుకుంటున్నాయని మురిసిపోతారు. ఇక ఆడదాని బాధ వేరు. 18 నుంచి 21 రోజుల్లో ఈనుతుంది, మగది పక్కనే ఉంటే ఈనిన రోజే మళ్లీ చూలు కడుతుంది. బెదిరిపోయి, పోషణ చాలక ఒక్కోసారి తన పిల్లల్నే తింటుంది. అప్పుడేమో అరిష్టమంటారు. అలా అరిష్టమని పంజరంతో సహా బందరు కాలవ గట్టున, మే నెల ఎండలో వదిలేసిన తల్లిని నేను చూశాను. చలిదేశపు ప్రాణి, మన నలభై అయిదు డిగ్రీల ఎండ. చెట్టు నీడ కూడా లేదు.

జంటను విడదీస్తే పాపమన్న మాట నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. దివిసీమలో మా వీధిలో ఒకావిడ మొగుడి దెబ్బలకి తాళలేక పుట్టింటికొస్తే, జంటను విడదీసిన పాపం మనకెందుకని పెద్దలు ఆమెని మర్నాడే బస్సెక్కించారు. వాచిన ఆమె ముఖం వాళ్లందరికీ కనిపిస్తూనే ఉంది. 2005లో గృహహింస చట్టం వచ్చింది. రాజీ కుదిర్చే పెద్దమనుషుల నోట ఇప్పటికీ అదే మాట.

మళ్లీ హ్యామ్‌స్టర్ల సంగతికొస్తే, సిరియన్ రకాన్ని ఒంటరిగానే ఉంచాలి. అది దిగులుతో చావదు, దాని స్వభావమే అంత. మరుగుజ్జు రకాల్ని కలిపి పెంచాలంటే ఒకే ఈతలో పుట్టి, కలిసి పెరిగిన రెండు ఆడవో రెండు మగవో తెచ్చుకోండి. పంజరం విశాలంగా ఉండాలి. గిన్నెలు, నీళ్ల సీసాలు, చక్రాలు, దాక్కునే గూళ్లు రెండేసి పెట్టాలి, అదీ దూరదూరంగా. ఇంత చేసినా కొన్ని పడవు. రక్తం కనబడిందా, ఆ క్షణమే విడదీయండి, మళ్లీ కలపకండి. అందుకని రెండో పంజరం ముందే కొని ఇంట్లో పెట్టుకోవాలి. దానికి డబ్బో చోటో లేనివాళ్లు ఒక్కదాన్నే తెచ్చుకోండి.