చేయమన్నదెవరు? చెల్లించవలసినదెవరు?

బండిని సర్వీసుకిచ్చి, సాయంత్రం బిల్లు చూసి ఉలిక్కిపడని వాహనదారుడు మనలో అరుదు. చేయమన్నది ఇంజన్ ఆయిలు, ఫిల్టరు మార్పు. బిల్లులో ఉన్నవి ఇంజెక్టర్ క్లీనింగు, వీల్ అలైన్‌మెంటు, అడుగుభాగానికి పూత, కొత్త బ్రేకు ప్యాడ్లు. ఎవరు చేయమన్నారయ్యా అంటే, "మీ భద్రత కోసమే సార్" అని చిరునవ్వుతో సమాధానం!

చొక్కాకు గుండీ కుట్టమని ఇస్తే, దర్జీ కాలరు కూడా మార్చి కూలి అడిగితే ఊరుకుంటామా? షోరూముకు అద్దాల గోడలున్నంత మాత్రాన న్యాయం మారదు. ఇది పిలవని పేరంటానికి వచ్చి వాయనం అడగడమే.

బ్రేకులు నిజంగానే అరిగి ఉండవచ్చును. అప్పుడు చెప్పడం వారి ధర్మం, నిర్ణయించడం యజమాని హక్కు. వద్దంటే ఆ మాట జాబ్ కార్డుపై రాసి సంతకం తీసుకోవచ్చును. సర్వీసు తేదీ గుర్తుచేయడానికి పదిసార్లు ఫోన్ చేసేవారికి, వేల రూపాయల పనికి అనుమతి అడగడానికి ఒక్క ఫోను బరువైందా?

"పని జరిగిపోయింది, లాభం మీకే కదా" అన్నది రెండో వాదం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షను, ఉచితంగా కాక చేసిన పని ఫలితాన్ని అనుభవించినవాడు పరిహారమివ్వాలన్న మాట నిజమే. అయితే ఆ ఫలితాన్ని స్వచ్ఛందంగా స్వీకరించి ఉండాలని, కాదనే స్వేచ్ఛ అవతలివాడికి ఉండాలని 1961లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చక్రానికి బిగించేసిన ప్యాడును కాదనేదెలా?

"డబ్బు కడితేనే తాళాలు" అన్నది మూడోది. వాదం కాదు, బెదిరింపు. అదే చట్టం 170వ సెక్షను వస్తువును అట్టిపెట్టుకునే హక్కు ఇచ్చింది. కానీ ఏ పనికై అప్పగించామో ఆ పనికి తగిన కూలి కోసమే. అప్పగించని పనికి ఆ హక్కు ఎక్కడిది?

కాలిఫోర్నియాలో 1971లోనే ఇందుకు ప్రత్యేక చట్టం వచ్చింది. ముందుగా రాతపూర్వకమైన అంచనా ఇవ్వాలి. అనుమతి లేకుండా దాన్ని మించి వసూలు చేయరాదు. అక్కడ స్థిరపడ్డ మన తెలుగువారికిది నిత్యానుభవం. ఇక్కడ అంత సూటియైన నియమం లేకున్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. సేవాలోపంతో పాటు అన్యాయమైన ఒప్పందాన్ని కూడా అది ప్రశ్నించనిస్తుంది. జాబ్ కార్డు అడుగున చీమతలకాయలంత అక్షరాల్లో "అవసరమైన పనులన్నిటికీ సమ్మతము" అని అచ్చువేసుకోవడం సమ్మతి కాజాలదు.

కనుక, మిత్రులారా, చేయవలసిన పనులను, మించరాని మొత్తాన్ని జాబ్ కార్డుపై మీ చేత్తో రాయండి. మార్చిన పాత భాగాలను అడిగి తీసుకోండి. కట్టక తప్పకపోతే "అభ్యంతరంతో చెల్లించితిని" అని బిల్లుపై రాసి, 1915కు ఫోన్ చేయండి. 5 లక్షల రూపాయల వరకు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము లేదు.

పోతే పోనీ వెయ్యి రూపాయలే కదా అని మనం వదిలేసిన వెయ్యే, రేపు మరొకరి బిల్లులో మూడు వేలవుతుంది. మన మౌనాన్ని వారు సంతకంగా లెక్కించుకుంటున్నారు.