నవల వ్రాయాలనే అమ్మాయి యే చదువు చదవాలి?

హోసూరు నుండి ఒక తల్లి వ్రాసిన ఉత్తరం వారం రోజులుగా మా బల్లమీదే ఉన్నది. వారి అమ్మాయి ప్లస్ టూ ప్యాసయింది. నవలలు వ్రాస్తానంటుంది. తండ్రిగారేమో, "వ్రాసుకోనీ, కాని కూడుపెట్టే చదువొకటి ఉండాలి. పంతులమ్మ ఉద్యోగానికి పనికివచ్చే డిగ్రీ అయితేనే ఫీజు కడతాను" అంటున్నారట. యే సబ్జెక్టు తీసుకోమంటారని ఆ తల్లి ప్రశ్న. దరఖాస్తు గడువు దగ్గరపడిందని చివర క్రింద గీత గీసి మరీ వ్రాశారు.

ఇటువంటి ఇల్లు మనలో ఒక్కటే కాదు గనుక అందరికీ పనికివచ్చేట్టు సమాధానం వ్రాస్తున్నాము.

మొదటి మాట. నవలాకారుణ్ణి తయారుచేసే డిగ్రీ అంటూ లేదు. కొడవటిగంటి కుటుంబరావుగారు చదివింది భౌతికశాస్త్రం. రావిశాస్త్రిగారు న్యాయవాది. విశ్వనాథ సత్యనారాయణగారు కాలేజీలలో తెలుగు చెప్పారు. బుచ్చిబాబుగారు కొంతకాలం ఇంగ్లీషు చెప్పి, తరువాత రేడియోలో చేరారు. కనుక యే సబ్జెక్టు తీసుకున్నా నవలకు దారి మూసుకుపోదు. మూసుకుపోయేదల్లా ఉద్యోగపు దారే. అందుచేత లెక్క అక్కడినుండి వేసుకోవాలి.

హైస్కూలులో చెప్పాలంటే డిగ్రీపైన బి.ఎడ్. కావాలి. మూడేండ్ల డిగ్రీ చేసినవారికి 2015 నుండి అది రెండేండ్ల చదువు. ఎనిమిదో తరగతి లోపు సర్కారు బడిలో చెప్పాలంటే టెట్ పరీక్ష కూడా నెగ్గాలి. అయిదవ తరగతి లోపు పిల్లలకైతే బి.ఎడ్. చాలదని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది, దానికి డి.ఎల్.ఎడ్. అనే వేరే శిక్షణ ఉన్నది. కాలేజీలో చెప్పాలంటే ఎం.ఏ.లో మామూలుగా నూటికి 55 మార్కులు, ఆపైన నెట్ గాని, రాష్ట్రపు సెట్ గాని కావాలి. అంటే "ఏదో ఒక డిగ్రీ ఉంటే పంతులు పని ఎక్కడికి పోతుంది" అనే రోజులు ఎన్నడో పోయినవి.

ఇంకొక చిక్కున్నది. డిగ్రీలో చదివిన విషయం బడిలో పాఠంగా ఉండాలి. మనస్తత్వశాస్త్రం, తత్వశాస్త్రం నవలకు మంచి ఎరువే గాని, హైస్కూలులో వాటికి పీరియడు లేదు. చరిత్ర చదివితే సాంఘికశాస్త్రం చెప్పవచ్చు. కథకు సరుకూ దొరుకుతుంది. ఇంగ్లీషుకు ప్రతి బడిలోనూ చోటుంటుంది. తెలుగు ఎం.ఏ.కు మద్రాసు, బెంగుళూరు విశ్వవిద్యాలయాలలో శాఖలున్నాయి గాని, మన ప్రాంతాలలో తెలుగు పంతుళ్ల ఖాళీలు తక్కువ. సర్కారు ఉద్యోగం కోరేవారికి ఆ రాష్ట్రపు భాష కూడా బాగా రావాలి.

"ఇంగ్లీషు తీసుకుంటే తెలుగు మరచిపోదా?" అని ఆ తల్లి భయం. మరువనక్కరలేదు. మైసూరులో ఇంగ్లీషు చెప్పిన అనంతమూర్తిగారు 1965లో "సంస్కార" నవలను కన్నడంలోనే వ్రాశారు గదా. ఐతే మన పిల్లలకు ఇంట్లో మాట్లాడే తెలుగున్నది గాని, చదివే తెలుగు సన్నగిల్లింది. ఆ లోటు కాలేజీ తీర్చదు. ఇంట్లోనే, రోజుకు పది పేజీలు చదివి తీర్చుకోవాలి.

ఇక పంతులు పనిని గురించి. ఇది మేము అనుభవించి చెప్పే మాట. మేమూ ఒకప్పుడు, "సాయంత్రాలు మనవే, వేసవి సెలవులు మనవే" అనుకుని బడిలో చేరినవాళ్లమే. సాయంత్రాలు నోటుపుస్తకాలు దిద్దటానికి పోయినవి. సెలవులు పెళ్లిళ్లకూ, పరీక్షపత్రాలకూ పోయినవి. మా నవల పదకొండో ప్రకరణం దగ్గర ఆగి, ఇప్పటికీ ట్రంకుపెట్టెలో ఉన్నది. తప్పు బడిది కాదు. తెల్లవారుజామున ఒక గంట మాదని గట్టిగా అనుకోలేకపోయాము, అంతే. ఆర్.కె. నారాయణ్‌గారు బడిలో కొద్దిరోజులు చేసి మానేశారు. అందరికీ ఆ తెగువ ఉండదు, ఉండాలనీ మేము చెప్పము. పైగా ఆ పిల్లల మాటలే, వాళ్ల అబద్ధాలే, భోజనాల గంటలో వాళ్ల పంపకాలే మా నవలలో మంచి పేజీలు.

ఒక్క హెచ్చరిక. "నవల సాగకపోతే పంతులు పని" అని చిన్నచూపుతో చేరేవారిని పిల్లలు మొదటి వారంలోనే కనిపెడతారు. చెప్పటం బొత్తిగా ఇష్టంలేని అమ్మాయికి బ్యాంకో, అనువాదమో, పత్రికో మేలు. అది తేల్చుకోవటానికి ఈ సెలవుల్లో వీధిలోని నలుగురు పిల్లలకు నెలరోజులు పాఠం చెప్పి చూడమనండి.

అమ్మా, మా సలహా ఇది. పిల్లకు చదువు చెప్పటం ఇష్టమైతే ఇంగ్లీషు సాహిత్యం గాని, చరిత్ర గాని తీసుకోనివ్వండి. ఈ రెంటిలో ఎవరూ చెప్పకుండానే ఏ పుస్తకం తెరుస్తుందో చూడండి. దానికే దరఖాస్తు పెట్టండి. బి.ఎడ్. సంగతి మూడేండ్ల తరువాత. తండ్రిగారి షరతు న్యాయమైనదే. దానికి పిల్ల తరఫున మరొకటి చేర్చండి: ఆమె వ్రాసుకునే గంటలో వంటింట్లోనుండి ఎవరూ పిలవకూడదు.